తీరికున్నప్పుడే చదువు

బుజ్జమ్మా,

నీ గొంతు విని మూడు వారాలైంది. డ్యూటీలతో తీరిక ఉండదని తెలుసు, అందుకే ఫోన్ చేసి విసిగించకుండా రాస్తున్నా. ఇక్కడ అందరం బానే ఉన్నాం, నాన్న మోకాలు కాస్త నయం, పై గది కిటికీ సంగతి ఇంకా తేలలేదు. మొన్న చిన్నత్త ఏదో అంది, నీ డ్యూటీలో ఒక పెద్దావిడ పోయారని, స్కోరు ఒకటే వచ్చిందని నువ్వు వార్డుకి పంపావని, అప్పట్నుంచి నువ్వు సరిగ్గా తినట్లేదని. నిద్రైనా పోతున్నావా?

నేను క్యాజువాలిటీలో చేసినన్నాళ్ళూ, ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్ళలో ఎవరికి ప్రాణగండమో అంచనా వేసే ఈ క్యూసోఫా స్కోరు లేదు, 2016లో కదా వచ్చింది. ఊపిరి నిమిషానికి 22 లేదా పైన, పై బీపీ 100 లేదా లోపు, తెలివిలో తేడా, ఈ మూడిట్లో రెండుంటే ప్రమాదమని నువ్వే పీజీలో ఉండగా ఫోన్లో అప్పజెప్పేదానివి. 2021 గైడ్‌లైన్స్‌లో సెప్సిస్‌ని, అదే ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్ళంతా దెబ్బతినడాన్ని, పట్టుకోడానికి దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దన్నారని కూడా నువ్వే చెప్పావు. ఒకటి వస్తే గండం తప్పినట్టు కాదమ్మా, పెద్దవాళ్ళలో అస్సలు కాదు.

నాయనమ్మ సంగతి నీకు పూర్తిగా తెలీదు, అప్పుడు నువ్వు హాస్టల్లో ఉన్నావు. జ్వరం లేదు, దగ్గు లేదు, పొద్దున్నే నన్ను పట్టుకుని పెద్దక్కా అని పిలిచింది, కాసేపాగి మళ్ళీ అలాగే. వయసు కదా అన్నారు నాన్న, నాకు మనసొప్పలేదు. తీసుకెళ్తే అక్కడ బీపీ 112 చూసి బాగుంది, రేపు రండి అన్నారు. ఏళ్ళ తరబడి 150కి తగ్గని మనిషికి 112 అంటే పడిపోయినట్టు కాదూ! నాడి 80 దాటలేదు, గుండె వేగం తగ్గించే అటెనొలాల్ మాత్ర వేసుకునే మనిషికి గుండె ఎలా పరిగెడుతుంది? చార్టులో ఊపిరి 18 అని రాసుంది. నేను పక్కన కూర్చుని వాచీ చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టా, 26. గొడవపడి రక్తం తీయిస్తే ఒళ్ళు ఎంత ప్రమాదంలో ఉందో చెప్పే లాక్టేట్ 4 దాటింది, యూరిన్ ఇన్ఫెక్షన్. అప్పుడు మొదలయ్యాయి పరుగులు, సెలైన్లు, యాంటీబయాటిక్. తొమ్మిది రోజులకి ఇంటికొచ్చింది గానీ, మళ్ళీ తనంతట తను పెరట్లోకి నడవలేదు.

అందుకే చెప్తున్నా, అంకె వేసేముందు వెంటొచ్చినవాళ్ళని అడుగు, నిన్న ఎలా ఉన్నారు, ఎప్పుడూ ఉండే బీపీ ఎంత, నెల క్రితం తనంతట తను బాత్రూమ్‌కి వెళ్ళేవారా అని. అప్పటికే నీరసించిపోయిన ఒంటికి చిన్న ఇన్ఫెక్షన్ చాలు. ఊపిరి నువ్వే లెక్కపెట్టు. గంటకోసారి మళ్ళీ చూడు, ఒక్కసారి చూసిన అంకె ఆ ఒక్క క్షణానిదే. ఆ స్కోరు అలాంటి వందమందిలో ఎంతమంది పోతారో చెప్తుంది, ఎదురుగా పడుకున్నావిడ ఆ వందలో ఎవరో చెప్పదు. అన్నీ సరిగ్గా చూసినా కొందరు పోతారు బుజ్జీ, నా చేతుల్లోనూ పోయారు. ఆవిడని వార్డుకి పంపాక మళ్ళీ వెళ్ళి చూశావా? చూసే ఉంటావు.

గట్టి చెప్పులు వేసుకుని డ్యూటీలో నిలబడకు, మడమ నొప్పి మళ్ళీ మొదలవుతుంది. నైట్ అయ్యాక ఏదైనా తినే పడుకో. ఆదివారం పొద్దున నేను ఫోన్ దగ్గరే ఉంటా, మాట్లాడాలనిపించకపోతే ఊరికే రింగ్ ఇచ్చి పెట్టెయ్.

అమ్మ