ఈ ఆదివారం టేపు పిల్లల చేతికివ్వండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న ఎనిమిదో తరగతి లెక్కల పేపర్లు చూశాను. దీర్ఘఘనం (అంటే పెట్టె ఆకారం) సంపూర్ణతల వైశాల్యం, అంటే ఆరు ముఖాల మొత్తం వైశాల్యం, సూత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తారు మన పిల్లలు. కానీ 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి లోపల రంగు వేయాలి అనగానే సగం మంది నేలకు కూడా రంగు కొట్టేశారు! నాలుగు గోడలు 440, పైకప్పు 120, మొత్తం 560 చదరపు అడుగులు. వీళ్లకు 680 వచ్చింది. తలుపు, కిటికీల సంగతి ఇక అడక్కండి.

వాళ్లను కోప్పడే మొహం నాకూ లేదు లెండి. మా ఇంట్లో నీళ్ల సంపు కట్టించినప్పుడు పొడవు 6, వెడల్పు 5, లోతు 5 అడుగులు అని కొలుచుకుని, సూత్రంలో పడేసి, 170 చదరపు అడుగుల టైల్స్ తెచ్చాను. మేస్త్రీ చూసి "పైన మూతకు కూడా అంటించాలా సార్?" అన్నాడు. కావాల్సింది 140. కోతల్లో పోయేవాటికి కాస్త ఎక్కువ తేవడం వేరు, నేను చేసింది వేరు. మిగిలినవి ఇంకా మేడ మీదే ఉన్నాయి.

అందుకే ఈ ఆదివారం ఇంట్లో ట్రంకుపెట్టో, బియ్యం డబ్బానో, పాత అట్టపెట్టో ఏదో ఒకటి చూపించి, దీనికి బయట రంగు వేయాలంటే ఎన్ని ముఖాలు లెక్కలోకి వస్తాయో ముందు వేలితో తడిమి చెప్పమనండి, సూత్రం తర్వాత. అంగుళాల్లో కొలిస్తే మాత్రం కాస్త చూడండి, ఒక చదరపు అడుగుకు 144 చదరపు అంగుళాలు, మనవాళ్లు 12తో భాగించేస్తున్నారు.

సబ్బు పెట్టెలు రెండుంటే ఇంకా బాగుంటుంది. 8, 5, 3 సెంటీమీటర్ల పెట్టె ఒక్కోదానికి 158 చదరపు సెంటీమీటర్ల కాగితం పడుతుంది, విడివిడిగా చుడితే 316. వెడల్పాటి ముఖాలు కలిపి ఒకదానిమీద ఒకటి పెడితే 236 చాలు. అదే చిన్న ముఖాలు కలిపి పొడుగ్గా పేరిస్తే 286. మడతలకు పట్టేది దీనికి అదనం. ఎందుకలా అని పిల్లల్నే అడగండి, మీరు చెప్పేయకండి.

కొలతలు, బొమ్మ, లెక్క నోట్సులో రాసి సోమవారం తేవాలి. తప్పులుంటే మీరు దిద్దొద్దు, ట్యూషన్ సారుకు అసలే చూపించొద్దు.

మీ
ప్రధానోపాధ్యాయుడు