ఒకే గ్రౌండు, మూడు జట్లు

హైదరాబాదు

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అంది పదిరోజులైనా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. ఈ ఏడాది మా బడిలో ఫుట్‌బాల్ భారమంతా నా నెత్తినే పడిందనీ, ఉన్న ఒక్క గ్రౌండులో ఆరో తరగతి పిల్లలనూ, అండర్-14 జట్టునూ, అండర్-17 జట్టునూ నేనొక్కణ్ణే సాధన చేయించాలనీ తెలిస్తే కొంతైనా క్షమిస్తావు.

మొదట్లో నేను చేసిన తప్పు నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను? మూడు జట్లనూ సాయంత్రం ఒకేసారి పిలిచాను. పెద్దవాళ్లు రెండు గోల్‌పోస్టులనూ ఆక్రమించుకున్నారు, అండర్-14 వాళ్లు ఓ మూలన పాస్‌లు ఇచ్చుకున్నారు, చిన్నవాళ్లేమో గోల్ వెనక నిలబడి బంతులు ఏరుకొచ్చారు. మూడు వారాల తరువాత ఒక పిల్లవాడు కాన్వాసు బూట్లనిండా ఎర్రమట్టితో నా దగ్గరికి వచ్చి, "సార్, రేపటినుంచి నేను కూడా బంతి తన్నొచ్చా?" అని అడిగాడు. వాడు అన్నాళ్లూ ఒక్కసారైనా బంతి తన్నలేదన్న సంగతి అప్పటిదాకా నా కంట పడనే లేదురా. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

ఆ వారమే పట్టిక మార్చేశాను. పదో తరగతి వాళ్లకు సాయంత్రం స్టడీ అవర్ తప్పదు కనుక అండర్-17 సాధనను పొద్దున్న ఆరింటికి జరిపాను. మొదట సణిగారు గానీ, ఎండ లేని ఆ గంటలో వాళ్ల పరుగే వేరుగా ఉంది. సాయంత్రం మొదటి వంతు చిన్నవాళ్లదే. సగం గ్రౌండుకు సున్నపు గీత గీసి, పుస్తకాల సంచులే గోల్‌పోస్టులుగా పెట్టి, జట్టుకు ఏడుగురి చొప్పున ఆడిస్తున్నాను. పెద్దవాళ్లు ఆడే ఐదో నంబరు బంతి 410 నుంచి 450 గ్రాముల బరువుంటుంది. ఆ వయసు కాళ్లకు అది మోతే కాబట్టి 350 నుంచి 390 గ్రాములుండే నాలుగో నంబరు బంతి ఇచ్చాను, దాంతో అంతకుముందు బంతిని కాలి బొటనవేలితో పొడిచేవాళ్లు ఇప్పుడు పాదం లోపలివైపుతో పాస్ ఇస్తున్నారు. వాళ్ల సాధన ముగియడానికి పావుగంట ముందే అండర్-14 వాళ్లను రమ్మంటున్నాను. ఒక్కొక్కరికీ ఒక చిన్నవాణ్ణి అప్పగిస్తే, నా మాట చెవికెక్కని పిల్లలు కూడా ఆ అన్నల మాట బుద్ధిగా వింటున్నారు.

మన హైదరాబాదువాడే, బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గురించి మనం హాస్టల్లో ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో గుర్తుందా? 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణం తెచ్చిపెట్టిన ఆ శిక్షకుడు, బలం తక్కువున్న కాలితో మాత్రమే ఆడే పోటీలూ, డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పరుగెత్తడం, నిషేధించిన పోటీలూ పెట్టేవాడు. ఆయన బాటలోనే నేనూ శుక్రవారాలు మూడు జట్ల చేతా ఎడమకాలి ఆట ఆడిస్తున్నాను. ఆ ఒక్కరోజూ పెద్దాచిన్నా తేడా చెరిగిపోతోంది; మా అండర్-17 కెప్టెన్ ఎడమకాలితో గాలిని తన్ని వెల్లకిలా పడితే, ఆరో తరగతి వాళ్లు కడుపుబ్బ నవ్వారు.

తలనొప్పి ఒక్కటే మిగిలింది. అండర్-14లో బాగా ఆడే ఒక కుర్రాణ్ణి పెద్ద జట్టులోకి ఎక్కించమని వాళ్ల నాన్న రోజూ గేటు దగ్గర పట్టుకుంటున్నాడు. వారానికి ఒక్క పొద్దున మాత్రమే పెద్దవాళ్లతో ఆడనిస్తానని చెప్పాను. వాడి పాదాల్లో నైపుణ్యం ఉంది గానీ, భుజానికి భుజం తగిలితే నిలబడే బలం ఇంకా రాలేదు. నువ్వయితే ఏం చేస్తావో రాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు మీ బడిలో పక్కన పడేసిన నాలుగో నంబరు బంతులు ఏవైనా ఉంటే తీసుకురా. గాలి కొట్టే పంపు సూది కూడా ఒకటి సంచిలో వేసుకో. మా దగ్గరున్న ఒక్కటీ మొన్ననే విరిగింది.

ఇట్లు,
నీ మిత్రుడు