వెనక్కిచ్చిన పైథాన్ ప్రాజెక్టులు, చదవాల్సిన పుస్తకాలు

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లలు పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాషలో చేసిన ప్రాజెక్టులు 21 వెనక్కి ఇచ్చేశామన్న విషయం మీ గ్రూపుల్లో తిరుగుతోందని తెలిసింది. నిజమే, ఇచ్చాం. ప్రోగ్రాములు చక్కగానే నడిచాయి. కానీ "ఈ లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే భాగం) ఇక్కడెందుకు?" అని టీచర్ అడిగితే పిల్లల దగ్గర జవాబు లేదు. మార్కులు ఎవరికీ తగ్గించలేదు, సొంతంగా మళ్లీ రాసుకురమ్మన్నాం.



ఏ పుస్తకం కొనాలని చాలామంది అడిగారు. నాకెంతో ఇష్టమైన ప్రశ్న ఇది! ముందు ఇంట్లో ఉన్న పుస్తకం ఏ వెర్షన్‌దో చూడండి. పైథాన్ 2లో, తెర మీద ఏదైనా చూపించే 'ప్రింట్' ఆదేశం పక్కన బ్రాకెట్లు లేకున్నా నడిచేది, 2008లో వచ్చిన పైథాన్ 3లో నడవదు. అన్నయ్య వాడిన పాత పుస్తకం చూసి రాసిన పిల్లలు మొదటి లైన్‌లోనే ఆగిపోయి, తమకే రాదనుకున్నారు. కొత్తవాళ్లకు అలెన్ డౌనీ 'థింక్ పైథాన్' మంచిది. ఫైళ్లు, ఎక్సెల్ షీట్లతో నిజమైన పనులు చేయించాలనుకునేవాళ్లకు ఆల్ స్వైగార్ట్ 'ఆటోమేట్ ద బోరింగ్ స్టఫ్ విత్ పైథాన్' బాగుంటుంది. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సి అనే మరో ప్రోగ్రామింగ్ భాషకు కెర్నిగన్, రిచీల పుస్తకం ఉంది. 1978లో మొదటిసారి వచ్చింది, 1988 నాటి రెండో కూర్పు తీసుకోండి. 300 పేజీలు కూడా ఉండదు, కానీ మొట్టమొదటి పుస్తకంగా మాత్రం పిల్లల చేతికి ఇవ్వకండి. ఏ పుస్తకమైనా ప్రతి లైన్ సొంతంగా టైప్ చేయాలి, అధ్యాయం చివరి అభ్యాసాలు వదలకూడదు. ఎర్రర్ వస్తే భయపడకుండా చివరి లైన్ చదవాలి, తప్పేమిటో పైథాన్ అక్కడే చెబుతుంది.

మా బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు లైబ్రరీ కోసం గడువు దాటిన పుస్తకాలను చూపే ప్రోగ్రాం రాసింది. నెల మారగానే లెక్క తప్పింది. తేదీల్లో రోజుల అంకెలను మాత్రమే తీసివేస్తున్నానని తనే పట్టుకుంది, మూడుసార్లు తిరగరాసింది. ఇప్పుడు లైబ్రరీలో రోజూ అదే వాడుతున్నాం. ఆ పాపను చూస్తే నాకెంత గర్వమో!

మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. అయినా రాత్రి పదకొండింటికి ఫోన్‌లో వెతికిన జవాబును అతికించి "అయిపోయింది, పడుకో" అనడం దయచేసి మానండి. కొన్ని ప్రాజెక్టుల్లో వ్యాఖ్యలు (ప్రోగ్రాం ఏం చేస్తుందో పక్కన రాసుకునే వివరణలు) పెద్దవాళ్ల ఆఫీసు భాషలో ఉన్నాయి, మాకు తెలిసిపోతుంది.

తిరగరాసిన ప్రాజెక్టులు శుక్రవారం తీసుకుంటాం. గురువారం సాయంత్రం ఏదో ఒక లైన్ మీద వేలు పెట్టి, అది ఏం చేస్తుందో మీ పిల్లల్ని అడగండి.

మీ ప్రధానోపాధ్యాయురాలు