రెండో లాట్ డాక్ కొన్నవాళ్లకు

దసరా తర్వాత మా షాపులో రెండు మానిటర్ల డాకింగ్ స్టేషన్ (ల్యాప్‌టాప్‌కి మానిటర్లు తగిలించే డాక్) కొన్నవాళ్లు, ముఖ్యంగా మాక్‌బుక్ వాడేవాళ్లు, ఇది చదవండి. రెండు మానిటర్లలోనూ ఒకే బొమ్మ వస్తోందని మీలో కొందరు ఫోన్ చేశారు. తప్పు మీ సెట్టింగుల్లో లేదు, కేబుల్‌లో లేదు, మేం అమ్మిన డాక్‌లోనే ఉంది.

మొదటి లాట్‌లో డిస్‌ప్లేలింక్ చిప్ ఉండేది. ఎం1, ఎం2 చిప్‌ల మాక్‌బుక్ ఎయిర్‌లు మామూలుగా బయట ఒక్క మానిటర్‌నే నడుపుతాయి, డాక్‌లో ఈ డిస్‌ప్లేలింక్ చిప్ ఉంటే దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని రెండు నడుపుకోవచ్చు, అందుకే ఆ మోడల్‌ని ఏరికోరి తెప్పించాను. రెండో లాట్ కూడా అదే డబ్బా, అదే మోడల్ నంబరు, లోపల మాత్రం ఎంఎస్‌టీ హబ్. ఇది ల్యాప్‌టాప్ నుంచి బొమ్మను తెచ్చే ఒక్క డిస్‌ప్లేపోర్ట్ సిగ్నల్‌నే రెండు మానిటర్లకు పంచుతుంది. విండోస్‌లో బాగానే పనిచేస్తుంది. మాక్ మాత్రం ఆ రెండింటినీ విడివిడిగా చూడదు, రెండిట్లోనూ ఒకే బొమ్మ వేస్తుంది.

సప్లయర్‌కి ఫోన్ చేస్తే "రెండూ వెలుగుతున్నాయి కదా, ఇంకేం కావాలి" అన్నాడు. ఆరేళ్లుగా ఆయన దగ్గరే సరుకు తీసుకుంటున్నాను, ఒక్కసారి కూడా డబ్బు ఆలస్యం చేయలేదు, అలాంటిది చిప్ మారిందని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెడితే ఆయనకేం పోయేది? ఆ మాట ఇంకా మింగుడు పడటం లేదు. ఇక ఆయన దగ్గర ఒక్క కేబుల్ కూడా కొనను. నా తప్పూ ఉంది. కొత్త లాట్‌ని విండోస్ ల్యాప్‌టాప్‌కి మాత్రమే తగిలించి చూశాను. పైగా మియాపూర్ నుంచి రెండుసార్లు వచ్చినాయనకి సెట్టింగ్స్ సరిచూసుకోమని చెప్పి పంపాను. సార్, క్షమించండి.

మిగిలిన 14 డాక్‌లను ఏం చేయాలా అని రెండు రాత్రులు నిద్ర లేదు. విండోస్ వాళ్లకు ధర తగ్గించి అమ్మేద్దామని తమ్ముడన్నాడు, అందులో మోసం కూడా ఏం లేదు. కానీ అక్కడా మెలిక ఉంది. పాత వెర్షన్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ నుంచి మానిటర్లకు అందేది సెకనుకు 17.28 గిగాబిట్లు, ఒక్క 4కే మానిటర్ 60 హెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 60 సార్లు బొమ్మ మారుస్తూ నడవడానికే 12 పైన కావాలి, కాబట్టి రెండు 4కేలు పెడితే రెండింటికీ 60 రాదు, 30కి దిగితే మౌస్ ఈడ్చుకుంటూ కదులుతుంది. మీది ఏ ల్యాప్‌టాప్, ఏ మానిటర్ అని ప్రతి ఒక్కరినీ అడిగి అమ్మాలి. సాయంత్రం రద్దీలో కౌంటర్ దగ్గర కుర్రాడు అడగడు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అమ్మడం ఆపేశాను. సప్లయర్ వెనక్కి తీసుకున్నా తీసుకోకపోయినా ఆ నష్టం నాదే.

మాక్ వాళ్లు డబ్బా లేకపోయినా, బిల్లు పోయినా డాక్ తెచ్చేయండి. డబ్బు వెనక్కి ఇస్తాను, లేదంటే డిస్‌ప్లేలింక్ ఉన్నదే ఇస్తాను. దాని సంగతీ ముందే చెప్తున్నా, మాక్‌లో స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ ఇస్తేనే పనిచేస్తుంది, అది తగిలించి ఉన్నప్పుడు కొన్ని ఓటీటీ సినిమాలకు తెర నల్లగా ఉండిపోతుంది. విండోస్‌లో బాగా నడుస్తున్నవాళ్లు ఉంచుకోండి, వారంటీ చూసుకునేది నేనే. పార్క్‌లేన్‌లో ఇన్ని షాపులుండగా మా దగ్గరికే వస్తున్నారు, అది మర్చిపోను. వచ్చేటప్పుడు మీ ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకోండి, రెండు మానిటర్లకు తగిలించి, విడివిడిగా బొమ్మ వస్తోందని మీరు చూశాకే కొత్తది చేతికిస్తాను.