పండగ వాన ఫోటోలు చూశాం, మరి చేల సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతికి ముసురు పట్టిందని మీ పేపర్లో వేశారు. ఆరిపోయిన భోగిమంట, చెదిరిన ముగ్గు, గొడుగు కింద గాలిపటం పట్టుకున్న పిల్లాడు. ఫోటోలు బాగానే ఉన్నాయి. బెంగళూరు నుంచి వచ్చిన మా పెద్దోడు కూడా "క్లైమేట్ భలే ఉంది నాన్నా" అని వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వాడినేమీ అనను, వాన పడ్డా పడకపోయినా ఒకటో తారీఖుకి వాడి జీతం వాడికి వస్తుంది.

తుఫాన్లు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాలకి కొత్త కాదు. 1989 నవంబర్లో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను మా వయసు వాళ్ళకి ఇంకా గుర్తే. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా, సరే, అది వానల కాలమే కదా అనుకున్నాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వాన పడితేనే మన చెరువులు నిండేది. కానీ ఆ రుతుపవనాలు పోయాయని వాతావరణ శాఖ చెప్పింది 2021లో జనవరి 19న, 2025లో జనవరి 27న. అంటే పండగ కూడా దాటిపోయాక. ఒక్క ముసురుని చూపించి ఇదంతా వాతావరణ మార్పే అని నేను అనడం లేదు. అయితే 1951 నుంచి 2015 లోపు హిందూ మహాసముద్రం ఉష్ణమండల భాగంలో నీళ్ళు సుమారు ఒక డిగ్రీ వేడెక్కాయని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది, గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుందని సైన్సు చెబుతోంది. ఆ తేమంతా ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

జనవరిలో దిగితే ఏమవుతుందో చెబుతాను. అప్పటికి పొగాకు రెలుపుల మీద, అంటే ఆకు కోతల మీద ఉంటుంది. ఆకు మీద జిగురుంటుంది, ఆకు కొట్టిన చేతులు నల్లగా అంటుకుపోయి సబ్బుకి కూడా వదలవు. గట్టి వాన ఒకటి పడితే ఆ జిగురు కడుక్కుపోతుంది. తర్వాత ఆకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్‌లో ఎంత జాగ్రత్తగా కాల్చినా ఆకు తూకం రాదు, వాసన ఉండదు, టంగుటూరు వేలంలో పొగాకు చెక్కు (బేలు) పట్టుకెళ్తే లో గ్రేడ్ అంటారు. శనగ కూడా అంతే. మామూలు రోజుల్లో పొద్దున్నే చేలో నడిస్తే శనగ ఆకు మీది పులుసు, ఆ పుల్లటి తడి, కాళ్ళకి అంటుకోవాలి. వాన పడితే ఆ పులుసూ పోతుంది, మబ్బు వదలకపోతే పూతా రాలుతుంది. ఉలవపాడు వైపు మామిడి తోటల వాళ్ళకి ఇదే మబ్బులో తేనెమంచు పురుగు భయం.

ఇంతకీ నేను రాయాలనుకున్నది వేరే. ఫసల్ బీమా, అంటే కేంద్రం వాళ్ళ పంట బీమా కట్టిన రైతు, చేను మునిగినా, కోసి ఆరబెట్టిన పంట తడిసినా 72 గంటల్లోపు చెప్పాలి. భోగి రోజు వాన పడితే ఆ 72 గంటలూ ఎక్కడికి పోతాయి? భోగి, సంక్రాంతి, కనుమ. ఆఫీసులకి సెలవు, వ్యవసాయ అసిస్టెంట్ అత్తగారి ఊళ్ళో ఉంటాడు, రైతు సేవా కేంద్రానికి తాళం. ఆయనకి పండగ వద్దని ఎవరన్నారు, కానీ గడువుకి మాత్రం సెలవు లేదు. యాప్‌లో పెట్టండి అంటారు. మా పక్క చేను పెద్దాయన దగ్గరున్నది బటన్ ఫోను, ఆయన కౌలు రైతు కూడా, కాగితాలు ఎవరి పేరు మీద ఉన్నాయో అదింకో గొడవ.

వాన ఏ నెలలో పడాలో మన చేతుల్లో లేదు. గడువు మాత్రం కాగితం మీద ఉన్నదే, దాన్ని మార్చొచ్చు. సెలవు రోజులు 72 గంటల్లో లెక్క వేయకూడదు, లేదంటే పండగ మూడు రోజులూ మండలానికి ఒక్కరైనా డ్యూటీలో ఉండాలి. ఎన్నికలప్పుడు, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు సెలవులు రద్దు చేస్తున్నారుగా, మరి ఇప్పుడు కుదరదంటే ఎలా?

మీకూ ఒక మాట. వచ్చే సంక్రాంతికి మబ్బు పట్టేలా ఉంటే, సినిమా ప్రకటనల పక్కనే పంట బీమా హెల్ప్‌లైన్ 14447 పెద్ద అక్షరాల్లో వేయండి. ఆ నంబరు ఉందని మా ఊళ్ళో సగం మందికి తెలీదు.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా