మూడో జెండాకు డివిజన్‌లో చోటెక్కడ?

అయ్యా,

రాబోయే నగరపాలక ఎన్నికల్లో చిన్న పార్టీలు మరోసారి అదృష్టం పరీక్షించుకుంటాయని గత వారం మీ పత్రికలో రాశారు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు మనసు రగిలింది. కార్పొరేటర్ ఎన్నిక లాటరీ టికెట్టా?

1981లో విజయవాడ నగరపాలక సంస్థ అయినప్పుడు తొలి మేయర్ కమ్యూనిస్టు నాయకుడు టి. వెంకటేశ్వరరావు. అది అదృష్టం కాదు. కొండల మీద ఇళ్లు వేసుకున్నవారి పట్టాల కోసం ఏళ్ల తరబడి కాళ్లరిగేలా తిరిగినవారికి జనం వేసిన ఓటు. అదే ఊళ్లో 2021లో 64 డివిజన్లకు 49 వైఎస్సార్ కాంగ్రెస్‌కు, 14 తెలుగుదేశానికి పోగా సీపీఎంకు దక్కింది ఒక్కటి. జనమే మారిపోయారని తేల్చేస్తే నేను ఒప్పుకోను.

మా వీధి అమ్మాయి ఒకతె అప్పుడు గుర్తింపు లేని ఒక చిన్న పార్టీ తరఫున నిలబడింది. 2020 మార్చిలో నామినేషన్ వేస్తే కరోనాతో ఎన్నిక ఆగిపోయింది. ఏడాది తర్వాత ఆగిన చోటి నుంచే మొదలుపెట్టారు. ఉపసంహరణ గడువు మార్చి 3న ముగిసింది, పోలింగ్ 10న. ఆమెకు గుర్తు చేతికొచ్చింది ఆ మధ్యలోనే. వారం రోజుల్లో ఎన్ని గడపలు ఎక్కుతుంది? మా ఎదురింటి పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకుని, కరపత్రాన్ని దగ్గరగా, దూరంగా పట్టి చూసి, "నువ్వు మంచిదానివేనమ్మా, లోపలికి వెళ్లాక నీ గుర్తు నాకు గుర్తుండదు" అంది. ఆ మాట విని ఆ అమ్మాయి ముఖం చిన్నబోవడం నేను చూశాను.

పోనీ, గెలిచిందే అనుకుందాం. గెలిచి ఏం చేస్తుంది? నిధులు కమిషనర్ చేతిలో, పనులు ఎమ్మెల్యే మాట మీద. 2019లో వచ్చిన వార్డు సచివాలయాలేమో నేరుగా ప్రభుత్వం కింద నడుస్తాయి. కార్పొరేటర్‌ను జనం వెతుక్కోవాల్సిన అవసరమే లేకుండా చేశారు. జనాభా మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. మా డివిజన్‌లో అలాంటి కమిటీ కూర్చోగా నేను ఒక్కసారీ చూడలేదు. పక్కనే గుంటూరులో 2010 తర్వాత 2021 దాకా పాలకమండలే లేదు. పదేళ్లు అధికారుల పాలనలో ఉన్న ఊళ్లో కొత్త పార్టీ ఏ పని చూపించి ఓటడగాలి?

చిన్న పార్టీల తప్పూ ఉంది. 2009లో 18 అసెంబ్లీ సీట్లు గెలిచిన ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. దాని జెండా మోసిన కుర్రవాళ్లు మా పేటలో ఎంతోమంది. మళ్లీ ఏ జెండా పట్టమన్నా వారికి చేతులు రావు.

మా వీధి మలుపులో మురుగు కాలువ మీది పలక విరిగి రెండు వానాకాలాలు గడిచాయి. పిల్లలను చేయి పట్టుకుని దాటిస్తున్నాం. ఎవరిని అడిగినా "పైనుంచి రావాలండి" అంటారు. ఓడిపోయిన ఆ అమ్మాయే అక్కడ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పాతింది. వానకు కొట్టుకుపోయిన ప్రతిసారీ మళ్లీ పాతుతోంది.

ఈసారైనా గుర్తులు నెల రోజుల ముందే ఇవ్వాలని ఎన్నికల సంఘాన్ని మీ పత్రిక అడగాలి. ఆమె మళ్లీ నిలబడతానంటోంది.

ఒక పాఠకుడు,
సత్యనారాయణపురం, విజయవాడ