లైఫ్ జాకెట్లు సీటు కింద దాచుకోవడానికా?

ఎడిటర్ గారికి,

2017 నవంబర్ 12, కార్తీక ఆదివారం, విజయవాడ పక్కన కృష్ణా పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా పోయారు, అందులో ఎక్కువమంది మా ఒంగోలు వాళ్లే. మొన్న పిల్లల్తో ఒకచోట బోటెక్కాం, మబ్బు నల్లగా కమ్ముకొస్తా ఉంది, గాలి లేచింది, అడిగితే బోటతను 'ఏం కాదు సార్, పది నిమిషాలే' అంటాడు, లైఫ్ జాకెట్లేమో సీటు కింద తాడేసి కట్టిపెట్టున్నాయి, మా పాపకిచ్చిన దానికైతే బకిలే లేదు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో బోటు తిప్పితే అది మునిగి ఎంతమంది పోయారో చూశాం గదా. వాతావరణ హెచ్చరికలు ఇప్పుడు అందరి ఫోన్లకీ వస్తన్నాయి, అవి చూసి టికెట్లు ఆపాల్సింది ఎవరో కౌంటర్ దగ్గర బోర్డు మీద రాసిపెట్టమనండి. మేమైతే దిగిపోయాం. డబ్బులు వెనక్కివ్వలేదు, పోతే పోయాయిలే.

– ఒక పాఠకుడు, ఒంగోలు